ఎదుటి లాయరు ఫోన్ చేస్తే

రీలరు ఇచ్చిన చెక్కు బౌన్సయితే ఏం చెయ్యాలని చానామంది అడుగుతున్నారు. నోటీసు పంపేదాకా అందరమూ బాగానే ఉంటాం. తడబడేది ఆ తర్వాత, అవతలి లాయరు ఫోన్ చేసినప్పుడు.

ముందు గడువులు చూసుకోండి. చెక్కు వాపసు వచ్చినట్టు బ్యాంకు చెప్పిన 30 దినాల్లోపల, డబ్బు కట్టమని రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందినాక కట్టడానికి వాళ్లకు 15 దినాలు. అవి దాటినాక ఒక నెలలోపల మనం కోర్టులో ఫిర్యాదు వెయ్యాలి.

ఫోన్ వచ్చేది సరిగ్గా ఈ నెలలోనే. "కోర్టు ఎందుకన్నా, నూలు అమ్ముడుపోతానే ఇప్పిస్తాను, పది దినాలు ఆగు" అని మర్యాదగానే అంటారు. అది మోసమని మేం అనం. తన పార్టీని కాపాడుకోవడం ఆయన పని. కానీ ఆయన మాటకు మన గడువు ఆగదు. మేమూ ఒకసారి ఇట్లే రెండుసార్లు ఆగినాం. నాలుగో జ్వరం లేచిన పురుగులకు ఆకు కోసుకుంటా తేదీ మర్చిపోయి, ఆఖరి దినం కోర్టుకు పరుగెత్తినాం. ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపి మన్నించమని అడగొచ్చు. ఒప్పుకోవడం మాత్రం జడ్జిగారి చేతిలో ఉంటుంది. నోటీసు 30 దినాలు దాటితే ఆ దారి కూడా లేదు.

రాజీ వద్దని కాదు. 138 సెక్షను కేసును కోర్టులో వేసినాక కూడా రాజీ చేసుకోవచ్చు. కాబట్టి ఒకపక్క మాట్లాడుకుంటానే ఇంకోపక్క ఫిర్యాదు వెయ్యండి. మీకు లాయరుంటే "మా లాయరుతో మాట్లాడండి సార్" అని నంబరిచ్చేయండి. అది అమర్యాద కాదు. లాయరున్న పార్టీతో ఆ లాయరు ద్వారానే మాట్లాడాలని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది.

రిప్లై నోటీసులో "అది సెక్యూరిటీ చెక్కు", "గూళ్లు బాగలేవు" అని రాస్తారు. కోపం వస్తుంది, నిజమే. అయినా వాట్సాప్‌లో జవాబు పెట్టొద్దు. "కొన్ని గూళ్లు పల్చగా ఉండినాయిలే, సగమిచ్చినా చాలు" అని రాస్తిమా, రేపు కోర్టులో అదే చూపిస్తారు. తూకం చీటీ, బ్యాంకు మెమో, నోటీసు పోస్టు రసీదు ఒకచోట పెట్టుకోండి. డబ్బు చేతికి రాకుండా అసలు చెక్కు ఇచ్చేయొద్దు.

లాయరు ఫీజుకు జంకేవాళ్లు తాలూకా లీగల్ సర్వీసెస్ కమిటీని అడగండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం చూడకుండానే ఉచితంగా లాయరునిస్తారు. రాజీ కాగితం కన్నడంలో ఉన్నా, తమిళంలో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా, తెలుగులో చదివించుకున్నాకే సంతకం పెట్టండి.