మైకులో విన్న మాటకు ఆధారమేది?

ఎన్నికలు వచ్చాయంటే మార్కాపురం, కంభం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం వీధుల్లో ఆటోల మీద మైకులు పొద్దున్నే మొదలవుతాయి. ఒకటి ‘అంతా చేశాం’ అంటుంది. దాని వెనకే వచ్చేది ‘ఏమీ చేయలేదు’ అంటుంది. పెద్దలు విసుక్కుని తలుపు వేసుకుంటారు. పిల్లలు మాత్రం ఆ పాటలన్నీ కంఠతా పట్టేస్తారు. పాటతో పాటు ప్రశ్న అడగడం కూడా వారికి నేర్పవలసిన బాధ్యత తల్లిదండ్రులుగా మనదే.

ఇది మన ధర్మానికి కొత్త విషయం కాదు. నమ్మదగని వ్యక్తి ఏదైనా వార్త తెస్తే ముందు విచారించుకోవాలనీ, లేకపోతే తెలియక ఇతరులకు హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ దివ్య ఖురాన్‌లోని అల్ హుజురాత్ సూరా 6వ ఆయత్ బోధిస్తోంది. విన్న ప్రతి మాటనూ చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించారు. హదీసు వేత్తలు ఈ బోధను ఒక శాస్త్రంగానే మలిచారు. ఈ మాట చెప్పినవారెవరు? ఎవరి దగ్గర విన్నారు? వారిద్దరూ కలుసుకునే వీలుందా? చెప్పినవారి జ్ఞాపకశక్తి, నిజాయితీ ఎలాంటివి? ఇదంతా ‘సనద్’ పరిశీలన. ఆ తర్వాత మాటనే, అంటే ‘మత్న్’ను తూచేవారు. ఈ తక్కెడను పిల్లల చేతికి ఇవ్వడానికి ఎన్నికల కాలం కంటే మంచి అదను లేదు.

వెలిగొండ నేర్పే పాఠం

మన పశ్చిమ ప్రకాశంలో ప్రతి ఎన్నికలోనూ వినిపించే పేరు వెలిగొండ. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ఈ ప్రాజెక్టుకు 1996లో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వచ్చాక పనులు ముందుకు కదిలాయి. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల కింద రెండు సొరంగాల ద్వారా 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటిని తెచ్చి, ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు ఇవ్వాలన్నది లక్ష్యం. ఒక్కో సొరంగం పొడవు దాదాపు 18.8 కిలోమీటర్లు. మొదటి దాని తవ్వకం 2021 జనవరిలో, రెండో దాని తవ్వకం 2024 జనవరిలో ముగిశాయి. 2024 మార్చి 6న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. అదే ఏడాది మే 13న పోలింగు జరిగింది.

ఇప్పుడు పిల్లలను ఒక ప్రశ్న అడగండి. ‘వెలిగొండ పూర్తయింది’ అన్న మాట నిజమా? సొరంగాల తవ్వకం పూర్తయిన మాట నిజం. కానీ పొలానికి నీరు చేరాలంటే ఫీడరు కాలువ కావాలి. సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లు పూడ్చి కట్టిన నల్లమల సాగర్ నిండాలి. అది నిండాలంటే ముంపు గ్రామాల వారికి పునరావాసం అందాలి. ఆ తర్వాత పంట కాలువలు సాగాలి. అంకితం జరిగిన నాటికి పునరావాసం పూర్తి కాలేదు. అలాగని ‘ఏమీ జరగలేదు’ అన్న మాటా నిజం కాదు, కొండ కింద సొరంగాలు కళ్లెదుటే ఉన్నాయి. ‘మేమే తెచ్చాం’ అనేవారిని కూడా ఏం తెచ్చారని అడగాలి. శంకుస్థాపన వేరు, తవ్వకం వేరు, కుళాయిలో నీళ్లు రావడం వేరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసిన పెద్దలున్న ఇళ్లలో ఈ తేడా మాటల గారడీ కాదు, బతుకు సమస్య.

మార్కాపురం పలక పేరు తెలియని బడి లేదు. అలాంటి పలక మీద మూడు గడులు గీయించండి. మొదటి గడిలో నాయకుడు చెప్పిన మాట, రెండో గడిలో మనం కళ్లారా చూసింది లేదా కాగితంలో చదివింది, మూడో గడిలో ఇంకా తెలియవలసింది రాయించండి. మూడో గడి ఖాళీగా ఉంచి గబగబా తీర్పు చెప్పేసే పిల్లవాణ్ణి కాసేపు ఆపండి.

మన పేరుతో వచ్చే మాట

భయపెట్టే మాటనూ, మురిపించే మాటనూ ఒకే తక్కెడలో తూచాలి. 2024 ప్రచారంలో ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తామని కొందరు, కాపాడతామని కొందరు అన్నారు. అసలు సంగతేమిటి? 2007లో చేసిన చట్టం బీసీ-ఇ కింద 4 శాతం ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరగా, అదే ఏడాది మార్చిలో వచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో రిజర్వేషన్లు కొనసాగాయి. పైగా ఇవి ముస్లిములందరికీ ఇచ్చినవి కావు. వెనుకబడిన వర్గాలకే వర్తిస్తాయి. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటివారు అందులో లేరు. ఇంత తెలిసిన యువకుడు వేదిక మీది కేకకు వణకడు, పొంగిపోడు. ‘ఇది మీ చేతిలో ఎంత, కోర్టు చేతిలో ఎంత?’ అని అడుగుతాడు.

ఒక జాతి మీది కోపం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదని అల్ మాయిదా సూరా 8వ ఆయత్ ఆదేశిస్తోంది. కాబట్టి ముందుగా మనకు నచ్చిన పార్టీ మాటనే తూద్దాం. పక్కవాళ్ల గురించి ఫోనులో వచ్చిన చెడ్డ మాటను విచారించకుండా పదిమందికి పంపితే, ఆ హానిలో మనకూ భాగం ఉంటుంది.

ఇంట్లో చేయదగినవి

అభ్యర్థి నామినేషనుతో పాటు ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు తెలిపే అఫిడవిట్ ఇస్తారు. అది ఎన్నికల సంఘం వెబ్‌సైటులో దొరుకుతుంది. తొమ్మిది, పది చదివే పిల్లలతో దాన్ని చదివించండి. కేసు ఉండటం వేరు, శిక్ష పడటం వేరని కూడా చెప్పండి. హామీలకు కారణాన్నీ, డబ్బు తెచ్చే దారినీ మేనిఫెస్టోలో స్థూలంగానైనా చూపాలని ఎన్నికల నియమావళి చెబుతోంది. లెక్క వేయించండి. లక్ష కుటుంబాలకు నెలకు 1,500 రూపాయలంటే నెలకు 15 కోట్లు, ఏడాదికి 180 కోట్లు. అవి ఎక్కడి నుంచి వస్తాయి? పథకం చెడ్డదని చెప్పడానికి కాదు ఈ లెక్క, మాట వెనక దారి ఉందో లేదో చూడడానికే.

ఈ పాఠం ఇంట్లోనే సాగాలి. మసీదును ప్రచార వేదిక చేయకూడదని ఆ నియమావళే అంటోంది. ఆడపిల్లలనూ ఈ చర్చలో కూర్చోబెట్టాలి. ఓటు ఒక గవాహీ అని పలువురు ఉలమాలు చెప్పారు. గవాహీ ఇచ్చేవారు ఎవరికి వారే తెలుసుకుని ఇవ్వాలి. ఇంటి పెద్ద చెప్పాడనో, నోటు అందిందనో ఇచ్చేది గవాహీ కాదు.

తాను మంచి చేస్తే సాయపడమనీ, తప్పు చేస్తే సరిదిద్దమనీ హజ్రత్ అబూబకర్ (రజి) ఖలీఫా అయిన తొలినాడే ప్రజలను కోరారు. అంతటి వారే అడిగే హక్కు ఇచ్చినప్పుడు, నేటి నాయకులను మర్యాదగా ప్రశ్నించడానికి మన పిల్లలు జంకనవసరం లేదు. నిజాన్ని నిజంగా గుర్తించే వివేకాన్ని అల్లాహ్ వారికి ప్రసాదించుగాక.