వార్తల్లో పదం: స్క్రూవార్మ్

పుండులో పడే మామూలు పురుగులు ఎక్కువగా కుళ్లిన కండనే తింటాయి. స్క్రూవార్మ్ ఈగ పురుగులు బతికున్న పశువు కండను తొలిచేస్తాయి. పిడుదు కుట్టిన గాయం చాలు, ఆడ ఈగ దాని అంచున వందలాది గుడ్లు పెడుతుంది.

2024 నవంబరులో మెక్సికోలోని చియాపాస్‌లో ఈ ఈగ బెడద బయటపడగానే, మెక్సికో పశువుల దిగుమతిని అమెరికా ఆపేసింది.

ఈగ ఉన్నచోట మాంసపు పశువుల పెంపకందారులు మంద ఆరోగ్య ప్రణాళికనే మార్చుకోవాలి. ఈతలు, కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, చెవి ట్యాగులు వేయడం వీలైనంతవరకు ఈగలు తగ్గే చలికాలానికి జరపాలి. పుట్టిన దూడ బొడ్డుకు మందు పూసి, రోజూ చూసుకోవాలి.

ఆడ ఈగ సాధారణంగా ఒక్కసారే జతకడుతుంది. అందుకే దాని సంతతిని ఆపడానికి రేడియేషన్‌తో వంధ్యత్వం కలిగించిన మగ ఈగలను విమానాల నుంచి కోట్లలో వదులుతారు. ఈ పద్ధతి రూపకర్తలు నిప్లింగ్, బుష్‌లాండ్‌లకు 1992లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది.