సరస్సు గర్భంలో ఆరో విమాన నమూనాలు

కొత్త విమానం గాలికి ఎలా స్పందిస్తుందో ముందుగా తెలుసుకోవడానికి, దాని చిన్న నమూనాను వాయు సొరంగంలో, అంటే గాలిని కృత్రిమంగా మహావేగంతో నడిపించే గదిలో నిలిపి పరీక్షిస్తారు. అయితే 1950లలో కెనడాకు చెందిన ఆవ్రో సంస్థ రూపొందించిన సీఎఫ్-105 ఆరో యుద్ధవిమానం ధ్వనిని మించిన వేగంతో ఎగరవలసినది కావడంతో, సొరంగ ఫలితాలను ఆకాశంలోనే సరిచూసుకోవాలని భావించిన ఇంజనీర్లు అసలు విమానంలో ఎనిమిదో వంతు కొలతల నమూనాలను చేయించి, నైకీ రాకెట్ల సాయంతో ఆంటారియో సరస్సు మీదుగా ప్రయోగించారు. లోపలి పరికరాలు వేగం, ఒత్తిడి వంటి వివరాలను రేడియో తరంగాలుగా నేలకు పంపేవి. ఆపై నమూనాలు నీట మునిగిపోయేవి.

1959 ఫిబ్రవరి 20న ప్రభుత్వం ఈ పథకాన్ని రద్దుచేసింది. తర్వాత, అప్పటికే పూర్తయిన విమానాలను సైతం ముక్కలు చేయించడంతో, ఒక విమానపు ముందుభాగం వంటి కొద్ది శకలాలు తప్ప ఆ అద్భుత కృషికి భౌతిక సాక్ష్యం దాదాపు మిగలలేదు. ఒకనాడు పనికిరానివిగా వదిలేసిన నమూనాలకు ఇంతటి విలువ వచ్చింది అందుకే.

2017లో, ధ్వని తరంగాల ప్రతిధ్వనితో అడుగుభాగాన్ని చిత్రించే సోనార్ పరికరాలతో సరస్సును గాలించిన అన్వేషకులకు, అసలు నమూనాలకు ముందు ప్రయోగ వ్యవస్థను పరీక్షించడానికి వాడిన డెల్టా పరీక్షా వాహనం కనిపించింది. 2018 ఆగస్టులో దాన్ని వెలికితీశారు. దశాబ్దాలు నీటిలో నానిన లోహం గాలి తగలగానే వేగంగా క్షీణించగలదు కనుక, ఇలాంటి వస్తువును పైకి తీయడం కంటే పాడవకుండా కాపాడడమే కష్టతరమైన పని. ఆ బాధ్యతను ఒట్టావాలోని కెనడా వైమానిక, అంతరిక్ష మ్యూజియం స్వీకరించింది.