రహదారి నామఫలకాలు - ఫోటోరియలిజం: రాబర్ట్ కాటింగ్‌హామ్ చిత్రాల పరిశీలన

ఉపోద్ఘాతం:
ఛాయాచిత్రాన్ని ఆధారంగా గ్రహించి, అంతటి స్పష్టతతో కాన్వాసుపై చిత్రించే ధోరణి ఫోటోరియలిజం. ఇది 1960ల చివరలో అమెరికాలో రూపుదిద్దుకొంది. ఈ పేరు పెట్టినవాడు న్యూయార్క్‌కు చెందిన చిత్రకళా విక్రేత లూయీ మైసెల్. 1972లో జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగిన 'డాక్యుమెంటా 5' ప్రదర్శన దీనికి అంతర్జాతీయ గుర్తింపు తెచ్చింది. కెమెరా క్షణంలో నమోదు చేయగల దృశ్యాన్ని శ్రమించి మళ్లీ చిత్రించడం దేనికన్నది ఈ ధోరణి ఎదుర్కొన్న ప్రధానమైన ఆక్షేపణ. పాత దుకాణాల, సినిమాహాళ్ల నామఫలకాలను చిత్రించిన రాబర్ట్ కాటింగ్‌హామ్ కృషిలో దీనికి సమాధానం లభిస్తుంది.

నేపథ్యం:
కాటింగ్‌హామ్ 1935లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, యంగ్ అండ్ రూబికమ్ ప్రకటనల సంస్థలో కళాదర్శకుడిగా పనిచేశాడు. 1964లో ఆ ఉద్యోగరీత్యానే లాస్ ఏంజెలిస్ చేరాడు. 1968లో ఉద్యోగం వదలి పూర్తికాలం చిత్రరచనకు పూనుకొన్నాడు. అప్పటికే నియాన్ ఫలకాల వైభవం తగ్గింది. గాజుగొట్టాలను వేడిచేసి చేత్తో వంచి రూపొందించే అక్షరాల స్థానాన్ని, లోపల ట్యూబులైట్లు అమర్చిన ప్లాస్టిక్ ఫలకాలు ఆక్రమించాయి. అక్షరంతో సరుకు అమ్మించే విద్య తెలిసినవాడే, అమ్మకం బాధ్యత తీరిపోతున్న అక్షరాన్ని చిత్రవస్తువుగా స్వీకరించడం గమనార్హం.

రచనా విధానం:
కాటింగ్‌హామ్ మొదట ఫలకాన్ని ఫోటో తీస్తాడు. ఆ స్లయిడును గళ్లు గీసిన కాగితంపై ప్రసరింపజేసి రేఖలు గీస్తాడు. తరువాత నలుపు తెలుపుల్లో వెలుగునీడల తరతమాలను నిర్ణయించుకొంటాడు. రంగు ఆ తరువాతి దశ. ప్రతి దశలోనూ ఏది ఉంచాలో, ఏది తొలగించాలో నిర్ణయించేది చిత్రకారుడే.

ఈ నిర్ణయాల్లో కీలకమైనది చట్రం. 1972 నాటి 'ఓర్ఫ్' చిత్రంలో 'ఓర్ఫియం' అనే థియేటరు పేరులోని తొలి భాగమే కనిపిస్తుంది. పేరు పూర్తిగా ఉంటే చూపరి చదివి ముందుకు సాగిపోతాడు. అది తెగిపోవడంతో అర్థం వెనుకబడి, లోహపు అంచులు, గాజుగొట్టాలు, వాటి నీడలు ముందుకు వస్తాయి. అంతవరకు చదవడానికే పరిమితమైన ఫలకం చూడదగిన వస్తువుగా మారుతుంది.

ముగింపు:
కాటింగ్‌హామ్ తనను ఫోటోరియలిస్టుగా కాక, అమెరికన్ వాస్తవిక చిత్రకళా సంప్రదాయానికి చెందినవాడిగా భావించుకొన్నాడు. పై విధానాన్ని పరిశీలిస్తే అందులోని ఔచిత్యం బోధపడుతుంది. ఈ చిత్రాలు నకళ్లు కావు, ఎంపికలు. కనుక వీటిని నగరచరిత్రకు ఆధారాలుగా వాడే పరిశోధకులు అప్రమత్తంగా ఉండాలి. ఫలకం ఒకప్పుడు ఎలా కనిపించిందో ఇవి కొంతవరకు చెబుతాయి. దాన్ని తయారుచేసిన పనివారి గురించి, దాని కింద నడిచిన వ్యాపారం గురించి చెప్పవు. స్పష్టత ఎంత అధికంగా ఉన్నా, చట్రం వెలుపల ఉండిపోయినదాన్ని ఇతర ఆధారాలతో పూరించుకోవలసిందే.