గాటు చిన్నదే, మత్తు చిన్నది కాదు

వయసు మీరి ఎముకలు గుల్లబారినవారికి నీళ్ల బిందె ఎత్తినా, గట్టిగా దగ్గినా వెన్నుపూస నలిగిపోవచ్చు. స్త్రీలలో ఇది మరీ ఎక్కువ. చాలామందికి మందులతో, విశ్రాంతితో కొన్ని వారాలలో నొప్పి తగ్గుతుంది. తగ్గనివారిలో కొందరికి సూది ద్వారా పూసలోకి ఎముక సిమెంటు ఎక్కిస్తారు. 1984లో ఫ్రాన్సులో మొదలైన ఈ చికిత్సే వెర్టిబ్రోప్లాస్టీ. ముందు బుడగ ఉబ్బించి, పూసలో చోటు చేసి సిమెంటు నింపితే అది కైఫోప్లాస్టీ.

"కోత లేదు, సూదే కదా!" అని ఇంట్లోవారు ధైర్యపడతారు. గాటు చిన్నదే కాని, మత్తు దగ్గర జాగ్రత్త పెద్దదే కావాలి.

రోగిని బోర్లా పడుకోబెట్టి ఈ చికిత్స చేస్తారు. వెన్ను వంగిన పెద్దవారికి ఊపిరి అసలే చాలదు. దానికి తోడు మగతమందు ఎక్కువైతే శ్వాస మందగించి రక్తంలో ఆక్సిజన్ పడిపోవచ్చు. బోర్లా ఉన్న మనిషికి అప్పటికప్పుడు గొంతులో గొట్టం వేయడం తేలిక కాదు. పూర్తి మత్తయితే గొట్టం ముందే వేస్తారు. అయితే బోర్లా తిప్పేటప్పుడు రక్తపోటు తగ్గవచ్చు. సిమెంటు ఎక్కించే నిమిషాలు మరీ కీలకం. అరుదుగా సిమెంటు గాని, మూలుగలోని కొవ్వు గాని రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయమే.

నడుము దగ్గర మాత్రమే తిమ్మిరిమందు ఇచ్చినప్పుడు రోగి మాటే డాక్టరుకు హెచ్చరిక. కాలు తిమ్మిరెక్కినా, కొత్త నొప్పి వచ్చినా, ఆయాసం అనిపించినా వెంటనే చెప్పాలి. మన అమ్మమ్మకో, తాతయ్యకో తెలుగు తప్ప మరో భాష రాకపోతే ఆ నాలుగు మాటలు అక్కడి భాషలో ముందే నేర్పండి. అవి తెలుగులో ఎలా ఉంటాయో ఆస్పత్రివారికి రాసివ్వండి. చెవిటి మిషను ఉంటే ఆ సంగతీ చెప్పండి.

మత్తు డాక్టరు ముందురోజే రోగిని చూసేలా అడగండి. ఆస్పిరిన్ వంటి రక్తం పలచబరిచే మందులు, ఉబ్బసం, గుండెజబ్బు, నిద్రలో గురకతో ఊపిరి ఆగడం, కదిలే పళ్లు, పాత ఆపరేషన్లలో మత్తు పడకపోవడం వంటివి ఏవీ దాచవద్దు. ఏ మందూ సొంతంగా మానవద్దు. తిండి, నీళ్లు ఎప్పుడు ఆపాలో వారు చెప్పినట్టే పాటించండి.

అన్నిటికన్నా ముందు "ఈ చికిత్స మావాళ్లకు అవసరమేనా?" అని అడగండి. 2009లో వెలువడిన రెండు పరిశోధనలలో, ఉత్తుత్తి చికిత్స కన్నా వెర్టిబ్రోప్లాస్టీ ఎక్కువ మేలు చూపలేదు. అడగడం డాక్టరును శంకించడం కాదు, మన పెద్దల పట్ల మన బాధ్యత.