ఊటను బట్టి ఊరు

విశాఖపట్నంలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లలో కొంత వాటా అనంతగిరి కొండలది. బొర్రా గుహల దగ్గర పుట్టే గోస్తని తాటిపూడి జలాశయంలో ఆగి, అక్కడి నుంచి గొట్టాల్లో నగరానికి చేరుతుంది. తూర్పు కనుమల్లోనే పుట్టే శారద కూడా రైవాడ జలాశయం మీదుగా నగరం దాహం తీరుస్తోంది. ఈ నదులకు నీళ్లిచ్చే కొండల మీదే, ఎండలు ముదిరాక, ఆడవాళ్లు తెల్లవారకముందే బిందెలతో వెళ్లి ఊట దగ్గర వంతు కోసం కూర్చునే గూడేలున్నాయి. అక్కడి నుంచే నొప్పులొచ్చిన గర్భిణిని డోలీలో మోసుకుంటూ దిగుతున్నారు. ఆ కొండల కిందే, పర్యాటకులు వచ్చిపోయే అరకు దారి పక్కన ప్లాస్టిక్ సీసాలు గుట్టలు పడుతున్నాయి.

నీళ్లు, రోడ్డు, చెత్త. ఈ మూడింటికీ మూడు శాఖలున్నాయి, మూడు పథకాలున్నాయి. కొండ మీద నిలబడి చూస్తే మాత్రం మూడూ ఒక్కచోటే ముడిపడి కనిపిస్తాయి. ఎంతమంది ఉంటే ఎంత ఇవ్వాలన్న తలల లెక్కే ఆ ముడి. అది మైదానం కోసం రాసింది. మన్యం ఆ లెక్కలో ఇమడదు.

ఎందుకు ఇమడదో తెలియాలంటే ఊట దగ్గర మొదలుపెట్టాలి.

అల్లూరి సీతారామరాజు జిల్లా, పార్వతీపురం మన్యం జిల్లాల్లోని ఎత్తైన గూడేలను పత్రికలు శిఖర గ్రామాలంటాయి. కోందులు, పోర్జాలు, గదబలు, కొండదొరలు, నూకదొరలు, బగతలు, కోటియాలు, ఇలా ఎన్నో తెగల ఊళ్లు. వాటిలో చాలావాటిలో ఇరవై ముప్పై గడపలకు మించి ఉండవు. కొన్నింటిలో పది కూడా ఉండవు. వీళ్లంతా ఒక్కచోట పెద్ద ఊరు కట్టుకుంటే సౌకర్యాలు కల్పించడం సులువు కదా అని మైదానం నుంచి వెళ్లిన అధికారులు అడుగుతూనే ఉంటారు. దానికి జవాబు కొండే చెబుతుంది. ఇక్కడి నేల అడుగున ఖొండలైట్, చార్నోకైట్ వంటి గట్టి రాళ్లు. వాటి పైభాగం లక్షల ఏళ్లుగా శిథిలమై, వాన నీటిని స్పాంజిలా పీల్చుకునే పొరగా మారింది. ఆ నీరు నెమ్మదిగా దిగుతూ, గట్టి రాయి అడ్డం తగిలిన చోట పక్కకు తిరిగి, కొండవాలు మీద ఊటగా బయటికొస్తుంది. ఒక్కో ఊట ఇచ్చే నీటికి ఒక హద్దుంది. ఆ నీటికి సరిపడా ఇళ్లు, ఆ వాలులో సాగుకు పనికొచ్చే చెక్కకు సరిపడా కుటుంబాలు మాత్రమే అక్కడ నిలవగలవు. జనం పెరిగితే కొన్ని కుటుంబాలు విడిపోయి మరో ఊట పక్కన గూడెం వేసుకుంటాయి. అంటే ఊరు ఎంత పెద్దదో ఊటే తేలుస్తుంది. చెల్లాచెదురుగా కనిపించే ఈ గూడేల వెనక నీటిని బాగా ఎరిగిన బతుకు తీరు ఉంది.

ఆ తీరునే రోడ్ల పథకాలు శిక్షిస్తున్నాయి.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైనప్పుడు మైదానంలో 500 మంది, కొండ ప్రాంతాల్లోనూ గిరిజన ప్రాంతాల్లోనూ 250 మంది ఉన్న ఆవాసాలకు రోడ్డు వేయాలన్నది నిబంధన. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన నాలుగో దశ కూడా దాదాపు అదే గీత గీసింది. తీవ్రవాద ప్రభావిత జిల్లాల్లో మాత్రం 100కు తగ్గించింది. అందులోనూ ప్రమాణం 2011 జనగణన. ఊట పోషించగలిగేది ఎనభై మందినైతే, ఆ ఊరు ఎన్ని తరాలు గడిచినా ఈ గీత దాటదు.

దాని ఫలితమే డోలీ. గట్టి కర్రకు దుప్పటి గానీ చీర గానీ ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుంటారు. కాస్త దూరం వెళ్లాక భుజాలు మారతాయి. వానాకాలంలో గెడ్డ, అంటే కొండవాగు, పొంగితే అవతలి ఒడ్డున అంబులెన్సు కనిపిస్తూనే ఉంటుంది, దాటే దారి ఉండదు. మలేరియా, విషజ్వరాలు, నీళ్ల విరేచనాలు ఎక్కువగా వచ్చేది కూడా అప్పుడే. అనంతగిరి, పెదబయలు, ముంచంగిపుట్టు, జి.మాడుగుల, హుకుంపేట మండలాల పేర్లతో ఇలాంటి వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి. దారిలోనే ప్రసవాలయ్యాయి, దారిలోనే ప్రాణాలు పోయాయి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం సరికాదు. నాలుగు చక్రాల బండి వెళ్లలేని చోట్ల కోసం 2018లో మోటారు సైకిల్‌కు పడక తగిలించిన ఫీడర్ అంబులెన్సులు తెచ్చారు. అదే ఏడాది పార్వతీపురంలోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం తెరిచింది. నెలలు నిండే ముందే అక్కడికి చేర్చి, తిండి పెట్టి, పరీక్షలు చేసి, నొప్పులు రాగానే ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఇది నిజంగా మంచి ఆలోచన. రోడ్డు పడేదాకా ప్రాణం కాపాడేది ఇలాంటి ఏర్పాటే. అయితే ఇంటి దగ్గర చిన్నపిల్లల్ని, మేకల్ని, పోడు పనిని వదిలి ఒక తల్లి ఎన్ని వారాలు రాగలదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పాము కాటుకూ పిల్లల జ్వరానికీ ముందే వెళ్లి ఉండటమన్నది కుదరదు.

కొందరు ఎదురుచూడటం మానేశారు. 2020లో సాలూరు మండలం కొడమ పంచాయతీ గిరిజనులు తలా కొంత వేసుకుని, అప్పులు చేసి, కొండను తవ్వి ఒడిశా వైపు ఊరికి తామే దారి వేసుకున్నారు. దేశమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవాల్సిందే. కానీ రేషన్ మీద బతికే మనుషులు అప్పు చేసి రోడ్డు వేసుకోవాల్సి రావడం ఎవరికి తలవంపులో కూడా అప్పుడే అడగాల్సింది.

2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం ఆదిమ గిరిజన తెగల ఆవాసాలకు గీతను 100 మందికి దించింది. ఆ నిధుల ఆసరాతో రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 7న డుంబ్రిగుడ మండలం పెదపాడులో ‘అడవి తల్లి బాట’ను ప్రారంభించింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ శంకుస్థాపన చేసిన ఈ కార్యక్రమం కింద మన్యంలో వందలాది ఆవాసాలకు రోడ్లు వేస్తామన్నారు. ఇన్నేళ్లలో ఇది పెద్ద అడుగే. ఐనా రెండు ఖాళీలు మిగిలాయి. వంద మంది లేని గూడెం ఇప్పటికీ బయటే. పోర్జాల గూడేనికి రోడ్డు వస్తే, పక్క కొండ మీది కొండదొరల గూడేనికి ఆ పథకం కింద రాదు, ఎందుకంటే వాళ్లు ఆదిమ తెగల జాబితాలో లేరు. డోలీ కర్ర బరువు మాత్రం ఇద్దరికీ ఒకటే.

అడవి అడ్డమొస్తోందన్న మాట తరచూ వినిపిస్తుంది. అది సగమే నిజం. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ రెండో ఉపవిభాగం రోడ్డు, తాగునీరు, బడి, అంగన్‌వాడీ వంటి 13 రకాల అవసరాలకు అటవీ భూమి ఇవ్వొచ్చంటుంది. ఒక్కో పనికి హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకుండా ఉండాలి, గ్రామసభ సిఫారసు చేయాలి. అయిదు మీటర్ల వెడల్పున లెక్క కడితే ఒక హెక్టారుతో రెండు కిలోమీటర్ల దారి పడుతుంది. చాలా గూడేలకు కావాల్సింది అంతకు అటూ ఇటూనే.

ఇవే కొండల్లో 1960లలో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్‌కు పంపడానికి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. 58 సొరంగాలు తొలిచారు, 80కి పైగా వంతెనలు కట్టారు. అంతకుముందే, 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలై కొండ నీటితో మైదానానికి కరెంటు పంపింది. దాని కోసం కట్టిన జలాపుట్ జలాశయం కింద భూములు మునిగినవాళ్లలో గిరిజనులే ఎక్కువ. ఖనిజం, కరెంటు, నీళ్లు కిందికి దిగాల్సి వచ్చినప్పుడు ఏ కొండా అడ్డం కాలేదు. ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వరకు 516ఈ జాతీయ రహదారి వస్తోంది. దాని మీద నుంచి పైకి చూస్తే కాలిబాటలే దిక్కైన ఊళ్లు కనిపిస్తాయి.

ఇక ఆ రైలు, రోడ్డు దారుల్లో పైకి ఎక్కే పర్యాటకుల సంగతి చూద్దాం. 2017లో విశాఖ–అరకు రైలుకు అద్దాల పెట్టె తగిలించాక, లంబసింగి, వంజంగి, మాడగడ మేఘాల కొండలు ఫోన్లలో తిరిగాక, నవంబరు నుంచి జనవరి దాకా ఇక్కడ వాహనాలు కదలవు. గ్రామ పంచాయతీకి నిధులు ప్రధానంగా అక్కడ కాపురముండే జనాభాను బట్టి వస్తాయి. శనివారం రాత్రి వచ్చి ఆదివారం దిగిపోయే వేలమంది ఆ లెక్కలో లేరు. వాళ్లు వదిలే చెత్త మాత్రం పంచాయతీదే. వంద మంది లేని గూడేన్ని లెక్కలోంచి తీసేసిన పద్ధతే, లెక్కలేనంత మంది వచ్చే చోట కూడా చేతులెత్తేసింది.

ఘన వ్యర్థాల నిర్వహణకు 2016లో వచ్చిన నిబంధనలు పట్టణాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అదే ఏడాది వచ్చిన ప్లాస్టిక్ నిబంధనలు మాత్రం పంచాయతీల మీదా బాధ్యత పెట్టాయి. బాధ్యతైతే వచ్చింది, దాన్ని మోసే బండి రాలేదు. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన ప్లాస్టిక్ జాబితాలో పళ్లేలు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు ఉన్నాయి, నీళ్ల సీసా లేదు. సీసాలను వెనక్కి తీసుకునే పూచీ తయారీదారులదేనని నిబంధన చెబుతుంది. అరకు నుంచి విశాఖ సుమారు 115 కిలోమీటర్లు. ఖాళీ సీసా బండిలో చోటు నింపుతుంది, తూకంలో ఏమీ రాదు. పాత సామాన్ల వ్యాపారికి ఘాట్ దిగడానికయ్యే డీజిలు ఖర్చు కూడా గిట్టదు. అందుకే మిగిలే దారి తగలబెట్టడమో, గెడ్డ గట్టున పారబోయడమో అవుతుంది. తొలకరికి ఆ గెడ్డ పొంగుతుంది. అది గోస్తనిలో కలిసేదైతే చెత్త కూడా నగరం తాగే నీటి దారినే పడుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేం. ఈ అడవుల్లో అడ్డాకు తీగ అల్లుకుని పెరుగుతుంది. ఆ ఆకులు కోసి, పుల్లలతో విస్తళ్లు కుట్టి సంతలో అమ్మడం గిరిజన మహిళలకు తరాలుగా రాబడి. ప్లాస్టిక్ పూత పూసిన కాగితపు పళ్లేలు వచ్చి ఆ గిరాకీని దెబ్బతీశాయి. అరకులో పర్యాటకుడు వెదురు బొంగులో కాల్చిన కోడి కూరను ఇష్టంగా కొంటాడు. అది అడ్డాకులోనే చేతికి రావాలని పంచాయతీ తీర్మానం చేస్తే, చెత్తా తగ్గుతుంది, ఆకు కోసే చేతికి నాలుగు రూపాయలూ దక్కుతాయి. వాహనానికి ఇంతని ప్రవేశ రుసుమూ పెట్టొచ్చు. సీసాకు ముందే డబ్బు కట్టించుకుని తిరిగిచ్చాక వాపసు చేసే పద్ధతి తమిళనాడు నీలగిరిలో మద్యం సీసాల విషయంలో ఫలించింది. నీళ్ల సీసాకూ అది పనికొస్తుంది.

మళ్లీ నీటి దగ్గరికి వద్దాం. జల్ జీవన్ మిషన్ 2019 నుంచి ప్రతి ఇంటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అంటోంది. బోరు బండి ఎక్కలేని, కరెంటు నిలకడ లేని కొండ మీద కుళాయి బిగించడం తేలిక, దానికి నీళ్లు తేవడమే కష్టం. దీనికి మన్యంలోనే దొరికిన విరుగుడు ఉంది. ఊట చుట్టూ చిన్న తొట్టి కట్టి, ఇసుక వడపోత పెట్టి, వాలునే ఆసరా చేసుకుని గొట్టం ద్వారా గూడేనికి నీళ్లు దింపడం. మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు. నర్సీపట్నం కేంద్రంగా పనిచేసే విశాఖ జిల్లా నవనిర్మాణ సమితి ఇలాంటి పథకాలు ఎన్నో గూడేల్లో కట్టి చూపింది. తొట్టి కట్టగానే పని అయిపోదు. ఊటకు పైన ఉన్న వాలును కాపాడాలి. అక్కడ చెట్లు పోయినా, క్వారీ పడినా, రోడ్డు కోసం కొండను అడ్డంగా కోసినా నీటి దారి తెగుతుంది, ఊట మరోచోట తేలుతుంది లేదా ఎండిపోతుంది. కాబట్టి రోడ్డు వేసే ఇంజినీరు చేతిలో ఊటల పటం ఉండి తీరాలి.

కొండ కొప్పు మీది బాక్సైట్ పొర కూడా ఇలా నీటిని పట్టి ఉంచేదే. అందుకే ఇక్కడ బాక్సైట్ గొడవను గిరిజనులు మొదటి నుంచీ నీటి గొడవగానే చూశారు. అనంతగిరి మండలం నిమ్మలపాడు గనుల మీద మొదలైన వ్యాజ్యంలో 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చి, షెడ్యూల్డ్ ప్రాంత భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. 2015 నవంబరులో జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్ తవ్వకానికి మళ్లిస్తూ వచ్చిన జీవో 97 జనాగ్రహంతో ఆగింది, 2019లో రద్దయింది. ఇప్పుడు పంప్డ్ స్టోరేజీ జలవిద్యుత్ ప్రాజెక్టుల వంతు. అనంతగిరి, అరకు ప్రాంతాల్లో రెండు ఎత్తుల్లో జలాశయాలు కట్టి, నీటిని పైకి తోడి కిందికి వదిలి కరెంటు తీస్తారు. సౌర, పవన విద్యుత్తుకు ఈ నిల్వ కావాలన్నది నిజమే. ఏ ఊటలు మునుగుతాయి, ఏ గెడ్డల నీరు మళ్లుతుంది అన్నది మాత్రం గ్రామసభ ముందు పెట్టాల్సిన మొదటి కాగితం. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలను ముందే సంప్రదించాలన్న హక్కును 1996 పెసా చట్టం ఇచ్చింది. కంపెనీతో ఒప్పందం అయ్యాక ఊరిని అడగడం ఆ చట్టం ఉద్దేశం కాదు.

దేశంలో తర్వాతి జనగణన 2027లో జరగబోతోంది. జనగణన లెక్కలు రెవెన్యూ గ్రామం పేరు మీద వెలువడతాయి, గూడెం పేరు మీద కాదు. ఒక రెవెన్యూ గ్రామం కింద నాలుగైదు కొండల మీద గూడేలున్నా అంకె ఒక్కటే. రాబోయే పదేళ్ల రోడ్లు, కుళాయిలు, పారిశుధ్య నిధులు ఆ అంకెల మీదే ఆధారపడతాయి. కనుక ప్రతి గూడేన్నీ దాని పేరుతో, దాని ఊట ఉన్న చోటుతో, ఆసుపత్రికి నడక దూరంతో సహా ఐటీడీఏ విడిగా నమోదు చేయాలని మన్యం గ్రామసభలు ఇప్పుడే తీర్మానాలు చేసి పాడేరు, పార్వతీపురంలోని ఐటీడీఏ కార్యాలయాలకు పంపాలి. వంద మంది ఉన్నారా అన్న ప్రశ్న పక్కన, అక్కడికి ఎంత దూరం మోస్తున్నారన్న ప్రశ్న కూడా ఆ కాగితం మీద ఉండాలి.