కొత్త పికప్ కొంటున్నారా? ఈఎంఐ కాదు, ధర బేరమాడండి

పంట కోతకొచ్చిన రోజు బాడుగ బండి దొరక్క, దొరికినా అడిగినంత ఇచ్చుకోలేక, సొంతంగా ఒక పికప్ కొందామనుకునే రైతులు ఎక్కువవుతున్నారు. పొలం, ఇల్లు తర్వాత చాలా కుటుంబాలు పెట్టే పెద్ద ఖర్చు ఇదే. అయినా విత్తనాల ప్యాకెట్టు కోసం నాలుగు దుకాణాలు తిరిగే రైతు, తొమ్మిది లక్షల బండిని ఒకే షోరూములో ఒకే పూటలో కొనేసి వస్తున్నాడు.

మదనపల్లె వైపు పనిచేస్తున్నప్పుడు ఒక టమాటా రైతు తన బండి కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "సార్, బాగా బేరమాడినా. నెలకు ఇరవై ఏడున్నర వేలన్న కంతును ఇరవై రెండుకు దింపించినా" అన్నాడు సంతోషంగా. కాగితాలు చూశాక ఏం చెప్పాలో నాకు తోచలేదు. బండి ధరలో ఒక్క రూపాయి తగ్గలేదు. మూడేళ్ల అప్పును నాలుగేళ్లు చేశారు, అంతే. 8 లక్షల అప్పు మీద అతను అదనంగా కట్టాల్సి వచ్చిన వడ్డీ 64 వేలు. ఆ డబ్బుతో ఎకరా టమాటాకు నారు, కట్టెలు, దారం కొన్నా ఇంకా మిగిలేది.

షోరూములో అడుగుపెట్టగానే వచ్చే మొదటి ప్రశ్న "నెలకు ఎంత కట్టగలరు?" దానికి జవాబు చెప్పకండి. "అప్పు సంగతి తర్వాత చూద్దాం, ముందు బండి ధర తేల్చండి" అనండి.

ఆన్‌రోడ్ ధరను విడదీసి రాయించుకోండి

ఆన్‌రోడ్ అని చెప్పే ఒక్క అంకెలో చాలా ఖర్చులు కలిసి ఉంటాయి. ఎక్స్‌షోరూమ్ ధర, బీమా, రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్, యాక్సెసరీలు, హ్యాండ్లింగ్ ఛార్జీలు, పొడిగించిన వారంటీ, ఇలా ప్రతిదీ ఒక్కో వరుసలో రాసిన కొటేషన్ అడగండి. దాని మీద తేదీ, సంతకం, స్టాంపు ఉండాలి. విజిటింగ్ కార్డు వెనక పెన్నుతో రాసిచ్చేది కొటేషన్ కాదు.

ఎక్స్‌షోరూమ్ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు 9 లక్షలున్న బండి, కంపెనీ ధర మార్చకపోతే, ఈ తగ్గింపుతోనే సుమారు 8 లక్షల 30 వేలకు రావాలి. కాబట్టి మీ ఊళ్లో ఎవరో ఆ తేదీకి ముందు కొన్న బిల్లు పట్టుకెళ్లి "అతనికంటే 40 వేలు తక్కువకే ఇస్తున్నారు" అని మురిసిపోకండి. అది షోరూము ఇచ్చిన తగ్గింపు కాదు.

రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానికి చేరేవి. వాటిలో బేరం ఉండదు, కానీ రసీదు ఉంటుంది. కొటేషన్‌లో వేసిన మొత్తం, రసీదులోని మొత్తం ఒకటేనా అని చూసుకోండి. హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్, ఫైల్ ఛార్జీ లాంటి పేర్లతో ఉండేవి మాత్రం ప్రభుత్వానికి పోయేవి కావు, షోరూము తనకోసం వేసుకున్నవి. "ఇవి దేనికి? తీసేయండి" అని నేరుగా అడగండి. గట్టిగా అడిగిన చాలామందికి తీసేస్తారు.

బీమా దగ్గర తేడా ఎక్కువగా కనిపిస్తుంది. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది, ఏ కంపెనీలోనైనా ఒకటే. మన బండికి జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. బీమా షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. అప్పు ఇచ్చే సంస్థ కూడా ఫలానా కంపెనీ పాలసీయే కావాలని పట్టుబట్టకూడదు. బయట ఒకటి రెండు కంపెనీల నుంచి కొటేషన్ తెచ్చి చూపించండి. బండికి కట్టిన విలువ, అంటే ఐడీవీ, రెండింట్లోనూ ఒకటే ఉండేలా చూసుకుని పోల్చాలి. ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువ చూపించే పద్ధతి కూడా ఉంది.

ఇంకొక మాట. బండి విలువ 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ కట్టించుకుంటారు. ఇది మీ పాన్ మీద జమయ్యే ఆదాయపు పన్ను. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కదా అని రిటర్న్ వేయని రైతులు ఈ పది, పదకొండు వేలు వదిలేసుకుంటున్నారు. రిటర్న్ వేస్తే, కట్టాల్సిన పన్ను లేనప్పుడు అది తిరిగి వస్తుంది.

బేరం ఎలా సాగాలి

ముందు ఎంత బండి కావాలో ఇంట్లోనే తేల్చుకోండి. టన్నున్నర మోసేది చూపించి "మరో లక్షే కదా" అంటారు. మీరు మార్కెట్‌కు ఒక్కసారి వేసుకెళ్లేది ముప్పావు టన్నే అయితే ఆ లక్ష దండగ. ఏడాదిలో అరవై రోజులు కూడా తిరగని బండి ఎంత చవగ్గా వచ్చినా ఖరీదైనదే, బాడుగే నయం.

మోడల్ తేల్చుకున్నాక అదే కంపెనీకి చెందిన రెండు మూడు ఊళ్ల షోరూముల నుంచి కొటేషన్లు తీసుకోండి. మదనపల్లె రైతు తిరుపతిలోనూ, అనంతపురంలోనూ అడగవచ్చు. పోటీ కంపెనీ బండికి కూడా ఒక కొటేషన్ తీసుకోండి. తర్వాత మీకు సర్వీసుకు దగ్గరగా ఉన్న షోరూముకు వెళ్లి, మిగతావి బల్ల మీద పెట్టి, "మీ దగ్గరే కొనాలని ఉంది. ఆన్‌రోడ్ ఇంతకు చేస్తే ఈ వారమే అడ్వాన్స్ కడతాను" అనండి. ఆ తర్వాత మౌనంగా ఉండండి. మనవాళ్లు ఇక్కడే పొరపాటు చేస్తారు. అవతలి మనిషి నోరు తెరవకముందే "పోనీ ఇంకో అయిదు వేలు వేసుకోండి" అని తామే పైకి వెళ్తారు.

కంపెనీ ప్రకటించే స్కీము వేరు, డీలరు తన లాభంలోంచి ఇచ్చేది వేరు. రెండూ అడగండి. తగ్గింపుకు బదులు సీటు కవర్లు, మ్యాట్లు, మ్యూజిక్ సిస్టమ్ ఇస్తామంటే వద్దని, నగదే తగ్గించమనండి. తగ్గించిన మొత్తం ఇన్వాయిస్‌లో కనిపించాలి.

పాత బండి ఉంటే దాని మాట చివర్లో ఎత్తండి. ముందే చెబితే పాతదానికి ఎక్కువ ఇస్తున్నట్టు చూపించి కొత్తదాంట్లో సర్దేస్తారు. బయట ఎంత పలుకుతుందో ముందే కనుక్కుని ఉండండి.

నెలాఖరు, మార్చి నెల, డిసెంబర్ చివరి వారం షోరూముల మీద అమ్మకాల ఒత్తిడి ఉండే రోజులు. దసరా, ఉగాది ముహూర్తానికి బండి ఇంటికి రావాలనుకుంటే తప్పులేదు, కానీ ధర పది రోజుల ముందే తేల్చుకోండి. ముహూర్తం రోజు పొద్దున పూలదండ చేత్తో పట్టుకుని బేరమాడితే తగ్గేదేమీ ఉండదు.

అప్పు: ఫ్లాట్ వడ్డీ మాటలో పడకండి

"మా దగ్గర 8 శాతమే, బ్యాంకులో 10" అంటే తక్కువే అనిపిస్తుంది. ఆ 8 శాతం ఫ్లాట్ వడ్డీ అయితే, మీరు అసలు తీరుస్తున్నా మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. 8 లక్షలకు నాలుగేళ్లకు ఫ్లాట్ 8 శాతం అంటే నెలకు 22,000. అదే 8 లక్షలు తగ్గే బాకీ మీద 10 శాతానికి తీసుకుంటే నెలకు సుమారు 20,290. నాలుగేళ్లలో తేడా 82 వేలు. ఫ్లాట్ 8 అన్నది నిజానికి 14 శాతం పైమాటే.

ఈ లెక్కలు మీరే వేసుకోనక్కర్లేదు. 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో ఏపీఆర్ అని వార్షిక రేటు రాసి ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు, అప్పుకు అంటగట్టిన జీవిత బీమా లాంటివి కూడా బయటపడేది అక్కడే. రెండు సంస్థల ఏపీఆర్‌లు పక్కపక్కన పెట్టుకుని చూడండి. సంతకం చేయకముందే ఆ కాగితం ఇంటికి తెచ్చి, చదువుకున్న మీ అమ్మాయికో అబ్బాయికో చూపించండి.

"దీనికి సబ్సిడీ వస్తుంది సార్, తర్వాత చేయిద్దాం" అని సేల్స్‌మన్ అంటే, ఆ మాట మీద అడ్వాన్స్ కట్టొద్దు. సబ్సిడీ పథకాలకు సాధారణంగా కొనకముందే మంజూరు కావాలి. ముందుగా రైతు సేవా కేంద్రంలోగానీ, తెలంగాణలో అయితే మీ ఏఈఓనుగానీ అడగండి. బండి కొన్నాక వచ్చి అడిగితే మేం చేయగలిగింది ఏమీ ఉండదు.

అడ్వాన్స్, డెలివరీ

అడ్వాన్స్ వీలైనంత తక్కువ కట్టండి. రసీదులో మోడల్, తేల్చుకున్న ఆన్‌రోడ్ ధర, డెలివరీ తేదీ, రద్దు చేస్తే డబ్బు తిరిగిచ్చే షరతు రాయించండి. బుకింగ్ ఫారంలో చిన్న అక్షరాల్లో "డెలివరీ నాటి ధరే వర్తిస్తుంది" అని ఉంటుంది, అందుకే తేదీ ముఖ్యం.

బండి తీసుకునే రోజు వెలుగున్నప్పుడే వెళ్లండి. ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. కిందటి ఏడాది బండి అయితే రేపు అమ్మేటప్పుడు విలువ తగ్గుతుంది కాబట్టి ఆ మేరకు ఇంకా తగ్గించమనండి, లేదా వేరే బండి ఇమ్మనండి. ఛాసిస్ నంబరు ఇన్వాయిస్‌లో, బీమా పాలసీలో ఒకటేనా చూసుకోండి. స్టెప్నీ, జాకీ, రెండో తాళం చెవి అడిగి తీసుకోండి. మిగిలిన డబ్బు ఇవన్నీ చూశాకే కట్టండి.